పడిపోకుండా నేర్చుకోవడం ఎలా? యంత్రాల నియంత్రణలో న్యూరల్ నెట్‌వర్క్‌లు

దేశంలో డ్రైవర్ అవసరం లేని తొలి మెట్రో రైలు సేవ 2020 డిసెంబర్ 28న ఢిల్లీలో మొదలైంది. మొదట్లో మెజెంటా లైన్‌లో జనక్‌పురి వెస్ట్ నుంచి నోయిడాలోని బొటానికల్ గార్డెన్ వరకు, సుమారు 37 కిలోమీటర్ల దూరం ఈ రైళ్లు నడిచాయి. ప్లాట్‌ఫాం మీది అద్దాల తలుపులకు ఎదురుగా తమ తలుపులు వచ్చేలా అవి వాటంతట అవే ఆగాలి. ఉదయం తొలి ట్రిప్పులో రైలు దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆఫీసు వేళకు హౌజ్ ఖాస్ చేరేసరికి కాలు పెట్టే చోటుండదు. బరువు మారినా ఆగాల్సిన చోటు మాత్రం మారదు.

ఇదే లైన్‌లో ఐఐటీ ఢిల్లీ పేరుతో ఒక స్టేషన్ ఉంది. బరువు మారినా, బయటి నుంచి కుదుపులు వచ్చినా యంత్రం తన పనిని తానే నేర్చుకుని సర్దుకునే పద్ధతులపై ఆ సంస్థలో దాదాపు రెండు దశాబ్దాల క్రితమే పరిశోధన జరిగింది. అయితే మెట్రో రైలు ఆ పద్ధతిలో నడవదు. ఇంజనీర్లు ముందుగానే రాసి, పరీక్షించి, ధ్రువీకరించిన నియమాల ప్రకారమే దాని వేగం, బ్రేకు పనిచేస్తాయి. చదరంగంలో, వీడియో గేముల్లో మనుషులను ఓడించిన అభ్యాస పద్ధతులు రైళ్లు, బాయిలర్లు, రోబోల దగ్గరికి ఇంత నెమ్మదిగా ఎందుకు వస్తున్నాయి? ఆటలో ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టవచ్చు. రైలుకు ఆ సౌలభ్యం లేదు. ఈ రంగంలోని కష్టమంతా దాదాపుగా ఈ తేడా నుంచే పుట్టింది.

నియంత్రణ అంటే ఏమిటి?

గదిలో ఏసీని 24 డిగ్రీలకు పెట్టామనుకుందాం. గది 28 డిగ్రీల వద్ద ఉంటే కావలసినదానికి, ఉన్నదానికి మధ్య తేడా 4 డిగ్రీలు. ఆ తేడాను కొలిచి, దాన్ని బట్టి యంత్రానికి ఆదేశమిచ్చి, ఫలితాన్ని మళ్లీ కొలిచి, ఆదేశాన్ని సరిచేయడమే నియంత్రణ. ఈ చక్రాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు.

కర్మాగారాల్లో ఎక్కువగా కనిపించే కంట్రోలర్ పేరు పీఐడీ. అది మూడు విషయాలు చూస్తుంది: ఇప్పుడున్న తేడా, ఇంతవరకు పోగైన తేడా, తేడా మారుతున్న వేగం. ఒక్కొక్కదానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే మూడు అంకెలను ఇంజనీరు సరిచూసి పెడతారు. నీటి ట్యాంకు మట్టం, మోటారు వేగం, బాయిలర్ పీడనం లాంటి పనులకు ఇది చక్కగా సరిపోతుంది.

యంత్రం ప్రవర్తన సరళంగా లేనప్పుడు చిక్కు మొదలవుతుంది. రోబో చేయినే తీసుకోండి. మోచేయి ముడుచుకుని ఉన్నప్పుడు భుజం మోటారుకు పడే భారం వేరు, చేయి బారుగా చాచినప్పుడు పడే భారం వేరు. పట్టుకున్న వస్తువు బరువు మారితే లెక్క మళ్లీ మారుతుంది. ఒక స్థితికి సరిపోయే మూడు అంకెలు ఇంకో స్థితిలో చేయిని వణికించవచ్చు. ప్రతి మార్పునూ సమీకరణంలో పట్టుకోగలిగితే సరే. లేదంటే యంత్రం అనుభవం నుంచి నేర్చుకోవాలి.

మెప్పు, మందలింపు

అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టే ఆట పిల్లలందరికీ తెలుసు. ఎవరూ సమీకరణాలు రాసుకోరు. కర్ర అటు ఒరిగితే చేయి అటు జరపాలని నాలుగైదు సార్లు పడిపోయాక అర్థమవుతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ సూత్రం కూడా ఇదే. నేర్చుకునే ప్రోగ్రామును ఏజెంట్ అంటారు. అది ప్రస్తుత స్థితిని చూస్తుంది, ఒక చర్య ఎంచుకుంటుంది, ఫలితాన్ని బట్టి ప్రతిఫలం అందుకుంటుంది. కర్ర నిలిచి ఉన్న ప్రతి క్షణానికి ఒక పాయింటు, పడితే కోత. సరైన చర్య ఏదో ఎవరూ చెప్పరు. మొత్తం ప్రతిఫలం పెరిగే దారిని అదే వెతుక్కోవాలి.

ఈ వెతుకులాటలో ఒక ముఖ్యమైన పద్ధతి క్యూ-లెర్నింగ్. ఏ స్థితిలో ఏ చర్య ఎంత విలువైనదో ఏజెంట్ ఒక అంచనా పెట్టుకుంటుంది. ఒక చర్య విలువ 10 అని అనుకుందనుకోండి. ఆ చర్య చేస్తే వెంటనే 2 పాయింట్లు వచ్చాయి. చేరుకున్న కొత్త స్థితి నుంచి ఇకముందు రాగల విలువ 12 అని అంచనా ఉంది. భవిష్యత్తును కాస్త తగ్గించి 0.9తో గుణిస్తే అది 10.8. మొత్తం 12.8. అంటే పాత అంచనా తక్కువైంది. అయినా ఒకేసారి 12.8కి దూకకుండా, తేడాలో పదో వంతు మాత్రమే కలిపి 10.28గా సవరించుకుంటుంది. ఒక్క అనుభవాన్ని పూర్తిగా నమ్మకుండా, దాన్ని వృథా చేయకుండా వేలసార్లు ఇలా సవరించుకుంటూ పోతే అంచనాలు క్రమంగా నిలకడకు వస్తాయి.

పెట్టెల నుంచి నెట్‌వర్క్‌ల దాకా

చక్రాల బండి మీద నిలబెట్టిన కర్ర ఈ రంగానికి తొలి ప్రయోగశాల. 1968లో బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ మికీ, ఆర్.ఎ. చాంబర్స్ ఈ సమస్యను కంప్యూటర్ చేత నేర్పించారు. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది, కర్ర ఎంత వంగింది, ఎంత వేగంగా వంగుతోంది అనే నాలుగు కొలతలను ముక్కలు చేసి, ఒక్కో కలయికను ఒక్కో పెట్టెగా భావించారు. ఏ పెట్టెలో ఉంటే ఎటు తోయాలో ప్రోగ్రాము నేర్చుకునేది. 1983లో అమెరికాలో ఆండ్రూ బార్టో, రిచర్డ్ సటన్, చార్లెస్ ఆండర్సన్ 162 పెట్టెలతో ఇదే సమస్యను తీసుకుని, నేటి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌కు పునాది వేశారు. ఈ రంగంలో చేసిన కృషికి బార్టో, సటన్‌లకు 2024 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

162 పెట్టెలంటే పట్టిక రాసుకోవచ్చు. రెండు కీళ్ల రోబో చేయికి రెండు కోణాలు, రెండు వేగాలు కలిపి నాలుగు కొలతలే ఉంటాయి. కానీ కచ్చితత్వం కోసం ఒక్కో కొలతను 100 ముక్కలు చేస్తే పెట్టెలు 10 కోట్లు. ఏడు కీళ్ల చేయికి పెట్టెల సంఖ్య 1 పక్కన 28 సున్నాలు. అన్ని పెట్టెలనూ ఒక్కసారైనా తెరిచి చూడటం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

ఇక్కడే న్యూరల్ నెట్‌వర్క్ అవసరం వస్తుంది. అది పట్టిక బదులు ఒక గణిత ప్రమేయంలా పనిచేస్తుంది. కొలతలు లోపలికి వెళతాయి, విలువ లేదా ఆదేశం బయటికి వస్తుంది. మధ్యలోని వేలాది అంకెలను అనుభవం సరిచేస్తుంది. 30 డిగ్రీల కోణం వద్ద నేర్చుకున్నది 31 డిగ్రీల వద్ద కూడా దాదాపుగా పనికొస్తుంది. చూడని స్థితికి చూసిన స్థితుల నుంచి ఊహించగలగడమే నెట్‌వర్క్ బలం. ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో ముందే తెలియకపోవడం దాని బలహీనత.

న్యూరల్ నెట్‌వర్క్‌లను నియంత్రణ శాస్త్రంలోకి క్రమపద్ధతిలో తెచ్చినవారిలో మద్రాసులో పుట్టి, యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కె.ఎస్. నరేంద్ర ముఖ్యులు. కె. పార్థసారథితో కలిసి 1990లో ఆయన రాసిన పరిశోధన పత్రం, తెలియని యంత్రం ప్రవర్తనను నెట్‌వర్క్ ఎలా గుర్తించగలదో, ఆపై దాన్ని ఎలా నియంత్రించగలదో చూపింది. అంతకుముందే బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఎం.ఎ.ఎల్. తథాచార్‌తో కలిసి, ప్రతిఫలాన్ని బట్టి ఎంపికలు మార్చుకునే లెర్నింగ్ ఆటోమేటా సిద్ధాంతాన్ని ఆయన అభివృద్ధి చేశారు. వారిద్దరి పుస్తకం 1989లో వచ్చింది.

అవాంతరమే ప్రత్యర్థి

మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో నాగ్రత్-గోపాల్ కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకం తెలియనివారు అరుదు. ఆ ఇద్దరిలో ఎం. గోపాల్ ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. రజనీష్ శర్మతో కలిసి ఆయన 2007, 2008లో ప్రచురించిన రెండు పరిశోధన పత్రాలు ఈ కథలో ఢిల్లీ అధ్యాయం.

మామూలు రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో ఏజెంట్ ఒంటరి ఆటగాడు. శిక్షణలో ఎదురైన పరిస్థితులకు అలవాటుపడుతుంది. రేపు చేతిలో రెట్టింపు బరువు పెట్టినా, ఎవరైనా తగిలి నెట్టినా ఏం చేయాలో దానికి తెలియకపోవచ్చు. గోపాల్, శర్మ దీన్ని ఇద్దరి ఆటగా మార్చారు. ఒక వైపు నియంత్రించే ఏజెంట్, మరో వైపు చెడగొట్టే ఏజెంట్. మొదటిది చేయిని అనుకున్న దారిలో నడిపించాలని చూస్తుంది. రెండోది, తనకిచ్చిన హద్దుల్లోనే, దానికి అత్యంత ఇబ్బంది కలిగించే కుదుపును వెతుకుతుంది. పులి-మేక ఆటలో రెండు పక్షాలకూ లక్ష్యాలు ఎదురెదురుగా ఉన్నట్టే ఇక్కడా ఒకరి లాభం ఇంకొకరి నష్టం. ఇలాంటి ఆటలకు గణితంలో మార్కోవ్ గేమ్స్ అని పేరు. వీటిని రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లోకి 1994లో మైకేల్ లిట్‌మన్ తెచ్చారు.

2007 పత్రంలో న్యూరల్ నెట్‌వర్క్‌ల సాయంతో ఈ ఆటను రెండు కీళ్ల రోబో చేయికి అన్వయించారు. మోసే బరువు మారినప్పుడు, బయటి కుదుపులు తగిలినప్పుడు ఈ కంట్రోలర్ ఒంటరిగా నేర్చుకున్న కంట్రోలర్ కంటే మెరుగ్గా నిలదొక్కుకుంది. 2008 పత్రంలో నెట్‌వర్క్ స్థానంలో తేలికైన ఫజ్జీ నియమాలు వాడారు. ఫజ్జీ నియమమంటే 'తేడా కొంచెం ఎక్కువగా ఉంటే కొంచెం గట్టిగా తోయి' లాంటిది. దానివల్ల లెక్కల భారం తగ్గింది, చేయి కచ్చితమైన సమీకరణాలు తెలియాల్సిన అవసరం లేకపోయింది. అందులో పోల్చిన ఇతర కంట్రోలర్ల కంటే దారి తప్పడం, మోటారు వాడిన బలం రెండూ తక్కువగా నమోదయ్యాయి.

ఈ ఆలోచనకు ఒక మూల్యం ఉంది. ఎప్పుడూ అతి చెడ్డ పరిస్థితినే ఊహించుకునే కంట్రోలర్ అవసరానికి మించి జాగ్రత్త పడవచ్చు. ప్రత్యర్థికి ఎంత బలం ఇవ్వాలన్నది ఇంజనీరే నిర్ణయించాలి. తక్కువ ఇస్తే కంట్రోలర్ బలహీనం, ఎక్కువ ఇస్తే పిరికిది.

సిమ్యులేటర్ దాటితే

రోబో చేయిని లక్షసార్లు గోడకు కొట్టి నేర్పించలేం. అందుకే శిక్షణ ముందు కంప్యూటర్ సిమ్యులేటర్‌లో జరుగుతుంది. అక్కడ ఎన్ని కర్రలు పడినా ఖర్చు కరెంటు బిల్లే. తీరా నిజమైన యంత్రానికి మార్చినప్పుడు బేరింగుల రాపిడి, సెన్సర్ల ఆలస్యం, వదులైన బోల్టు లాంటివి సిమ్యులేటర్‌లో లేనట్టే ఇక్కడ ఎదురవుతాయి. దీన్ని తట్టుకోవడానికి శిక్షణ సమయంలోనే బరువులు, రాపిడి, ఆలస్యాలను కావాలని మారుస్తూ ఉంటారు. రకరకాల యంత్రాలను చూసిన ఏజెంట్‌కు నిజమైన యంత్రం కూడా వాటిలో ఒకటిగానే కనిపిస్తుంది.

ఇలా విజయవంతమైన ప్రయోగాలున్నాయి. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో టీసీవీ అనే ఫ్యూజన్ యంత్రం ఉంది. అందులో అత్యంత వేడి ప్లాస్మాను గోడలకు తగలకుండా 19 అయస్కాంత కాయిల్స్ పట్టి ఉంచాలి. డీప్‌మైండ్, అక్కడి శాస్త్రవేత్తలు సిమ్యులేటర్‌లో శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ ఆ కాయిల్స్‌కు సెకనుకు 10 వేల సార్లు ఆదేశాలిస్తూ ప్లాస్మాను రకరకాల ఆకారాల్లో నిలబెట్టింది. ఈ ఫలితాలు 2022 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చాయి. అదే ఏడాది జపాన్‌లోని ఒక రసాయన కర్మాగారంలో యోకోగావా సంస్థ రూపొందించిన రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ కంట్రోలర్ స్వేదన ప్రక్రియను ఏకధాటిగా 35 రోజులు నడిపింది. దాన్ని నేరుగా కర్మాగారానికి తగిలించలేదు. సిమ్యులేటర్‌లో నేర్పించి, పాత రికార్డులతో దాని నిర్ణయాలను సరిచూసి, ప్రమాదం వస్తే అడ్డుకునే ఏర్పాట్లు చేశాకే అప్పగించారు.

హామీ ఎలా దొరుకుతుంది?

సంప్రదాయ నియంత్రణ శాస్త్రం గర్వంగా చెప్పుకునే మాట స్థిరత్వం. రష్యా గణితజ్ఞుడు లియాపునోవ్ 1892లో చూపిన దారి ఇప్పటికీ దానికి ఆధారం. గిన్నెలో గోలీ వేస్తే అటూ ఇటూ దొర్లి చివరికి అడుగున ఆగుతుంది, ఎందుకంటే దాని శక్తి ప్రతి క్షణం తగ్గుతూనే ఉంటుంది. యంత్రానికి కూడా అలా తగ్గుతూనే ఉండే ఒక రాశిని చూపగలిగితే, అది అదుపు తప్పదని కాగితం మీదే నిరూపించవచ్చు. వేలాది అంకెలున్న న్యూరల్ నెట్‌వర్క్‌కు ఆ నిరూపణ ఇవ్వడం చాలా కష్టం.

నిరూపించలేకపోతే పరీక్షించవచ్చు కదా? వెయ్యిసార్లు పరీక్షించి బాగుందంటే సరిపోతుందా? ఒక చిన్న లెక్క చూడండి. వైఫల్యం లక్షలో ఒకటి కంటే తక్కువని 99 శాతం నమ్మకంతో చెప్పాలంటే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న పరిస్థితుల్లో ఒక్క వైఫల్యం కూడా లేకుండా సుమారు 4.6 లక్షల పరీక్షలు దాటాలి. అదీ రేపటి పరిస్థితులు నేటి పరీక్షల్లాంటివే అయితేనే.

ఎన్ని నమూనాలు చూస్తే నేర్చుకున్నది నమ్మదగినదవుతుందన్న ప్రశ్నకు గట్టి గణితం అందించినవారిలో గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్ ఒకరు. అభ్యాస సిద్ధాంతాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌లకు, నియంత్రణ వ్యవస్థలకు అన్వయించిన ఆయన పుస్తకం 1997లో వెలువడింది. తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఉంటూ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ లెక్కలు ఎప్పుడు నిలకడకు వస్తాయన్న విషయం మీదా ఆయన పనిచేశారు.

ఆచరణలో ఇంజనీర్లు మధ్యేమార్గం పడతారు. నేర్చుకునే ఏజెంట్ సలహా ఇస్తుంది. దాని కింద పాత, నిరూపితమైన కంట్రోలర్ కాపలా ఉంటుంది. సలహా హద్దుల్లో ఉంటే అమలవుతుంది, హద్దు దాటితే కాపలా కంట్రోలర్ పగ్గాలు అందుకుంటుంది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు వైపు కూడా బ్రేకు ఉండటం లాంటిదే ఇది.

ఢిల్లీ ఎండల్లో ఒక అవకాశం

ముందుగా ఎక్కడ వాడాలన్నది కూడా భద్రత ప్రశ్నే. వేగంగా మారే, తప్పు జరిగితే ప్రాణం మీదికి వచ్చే చోట్ల కంటే, నెమ్మదిగా మారే, తప్పును సరిదిద్దుకునే వ్యవధి ఉన్న చోట్ల ఈ పద్ధతి తొందరగా కుదురుకుంటుంది. పెద్ద భవనాలను చల్లబరిచే వ్యవస్థలు అలాంటివే.

2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లకు చేరి అప్పటికి రికార్డు అయింది. వేసవిలో ఈ భారం పెరగడానికి ఏసీలు, కూలర్లు ప్రధాన కారణం. గురుగ్రామ్, నోయిడాల్లోని అద్దాల ఆఫీసుల్లో చిల్లర్లు, పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు కలిసి పనిచేస్తాయి. ఏ పంపును ఎంత వేగంతో తిప్పాలి, నీటిని ఎన్ని డిగ్రీలకు చల్లబరచాలి, ఎండ ముదరకముందే భవనాన్ని ఎంత చల్లబరచి ఉంచాలి అనేవి ఒకదానితో ఒకటి ముడిపడిన నిర్ణయాలు. మే నెల పొడి వడగాలిలో కూలింగ్ టవర్ బాగా పనిచేస్తుంది, జూలై ఉక్కలో అంతగా పనిచేయదు. దుమ్ము పేరుకున్నకొద్దీ యంత్రాల తీరే మారిపోతుంది. ఒకసారి పెట్టిన అంకెలు ఏడాదంతా సరిపోవు.

గూగుల్ తన డేటా సెంటర్లలో న్యూరల్ నెట్‌వర్క్‌ల సలహాలతో చల్లబరిచేందుకు వాడే విద్యుత్తును 40 శాతం వరకు తగ్గించినట్టు 2016లో ప్రకటించింది. 2018 నాటికి నియంత్రణను నేరుగా ఆ వ్యవస్థకే అప్పగించింది. అక్కడా కాపలా ఉంది. ప్రతి 5 నిమిషాలకు వేలాది సెన్సర్ల సమాచారం చూసి నెట్‌వర్క్ ఇచ్చే ఆదేశాలను స్థానిక కంట్రోలర్ మళ్లీ సరిచూస్తుంది. ఆపరేటర్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఎన్‌సీఆర్ భవనాలన్నింటికీ అంతే ఆదా వస్తుందని దీని అర్థం కాదు. డేటా సెంటర్‌లో ఉన్నన్ని సెన్సర్లు మామూలు ఆఫీసు భవనంలో ఉండవు. సరిగా కొలవని గదిని ఏ నెట్‌వర్కూ సరిగా చల్లబరచలేదు. ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌కు వర్తించే హద్దులు షాపింగ్ మాల్‌కు వర్తించవు. అయినా ఆఫీసులో ఒక అరగంట ఉక్కపోత భరించదగిన తప్పు. ఆ తప్పుల నుంచి యంత్రం నేర్చుకోగలదు.

మెట్రో బ్రేకుకు, ఆఫీసు చిల్లర్‌కు మధ్య తేడా అక్కడే ఉంది. ఒక కంట్రోలర్‌ను నేర్చుకోనివ్వాలా వద్దా అని నిర్ణయించే ముందు ఇంజనీరు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఇది తప్పు చేస్తే నష్టపోయేది ఎవరు? ఆ తప్పు ఎంత సేపట్లో బయటపడుతుంది? అప్పుడు పగ్గాలు అందుకోవడానికి కింద ఏముంది? మూడింటికీ తృప్తికరమైన జవాబులున్న చోట యంత్రాన్ని బడిలో వేయవచ్చు. జవాబులు లేని చోట దాని బడి ఇంకొంతకాలం సిమ్యులేటర్‌లోనే సాగాలి.